తెలిసిన మాటే కదా అని అడగలేదు

ఆ కవి పేరు ఇక్కడ రాయను. రాస్తే తెలిసినవాళ్లు చదవకుండానే దండం పెట్టేస్తారు, తెలియనివాళ్లు ఒడియా కవి మనకెందుకని పేజీ తిప్పేస్తారు. రెండూ నాకు ఇష్టం లేదు. నాకు ఆయన మొదట గోడ అవతలి నుంచి వినబడ్డాడు. పేరు చాలా రోజుల తర్వాత తెలిసింది.

డెబ్బైల మొదట్లో సంగతి. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లై ఒరిస్సాలో ఉన్న రాయగడ వచ్చాను. మా ఆయనకి జేకేపూర్ కాగితం మిల్లులో మెషిన్ మీద పని. క్వార్టరు వచ్చేదాకా ఆగాలి కాబట్టి ఊళ్లోనే, చింతపండు హోల్‌సేలు వ్యాపారం చేసే మా వైపువాళ్ల ఇంట్లో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాం. పక్క వాటాలో ఒక ఒడియా టీచరమ్మ ఒంటరిగా ఉండేది. కటక్ వైపు మనిషి. ఆడపిల్లల హైస్కూల్లో ఒడియా పాఠాలు చెప్పేది. నాకంటే పదేళ్లు పెద్ద. రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ, అదీ పైకప్పు దాకా లేదు. మా ఇంట్లో పోపు వేస్తే ఆవిడ తుమ్మేది.

రోజూ పొద్దున్న మా ఆయన పనికి వెళ్లాక, నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్న వేళకి, ఆవిడ స్నానం చేసి వచ్చి ఏదో పైకి చదివేది. పాటా కాదు, మాటా కాదు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ లేస్తుందో నాకు తెలిసిపోయేది. స్తోత్రం చదువుతోంది కాబోలనుకున్నాను. మొదటి వారం రోజులూ చేట పక్కన పెట్టి గోడకి ఒక నమస్కారం కూడా పెట్టాను.

ఒకరోజు నూతి దగ్గర అడిగేశాను, అది ఏ దేవుడిదని. నాకు అప్పటికి వచ్చిన ఒడియా అంతా సంతలో నేర్చుకున్నది. కొండల నుంచి దిగి కూరగాయలు అమ్మే ఆడవాళ్లు అందరినీ "తు" అనే పిలుస్తారు. నేనూ పెద్ద టీచరమ్మని పట్టుకుని "నువ్వు పొద్దున్నే చదివేది ఏ దేవుడికి?" అనేశాను. ఆవిడ నవ్విన నవ్వుకి చేతిలో చేద జారి నూతిలో పడింది.

"దేవుడు కాదు. కుండ" అంది.

చేద తీశాక, నూతి గట్టు మీదే కూర్చోబెట్టి అర్థం చెప్పింది. ఒకావిడ సంతలో కుండ కొనడానికి వస్తుంది. ఒక్కో కుండనీ ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. కుమ్మరి కుండల్ని చూడడు, ఆవిడ ముఖాన్నే చూస్తూ ఉంటాడు. చివరికి ఆవిడ ఒకటి కొనుక్కుని వెళ్లిపోతుంది. కుమ్మరి మాత్రం ఇంటికి నడిచినంత దూరం ఆ చప్పుడే వింటాడు. అంతే పద్యం.

మొన్న బుధవారం సంతలో నేను చేసింది అదే. మూడు కుండలు కొట్టి చూసి నాలుగోది తెచ్చుకున్నాను. ఆ పని పద్యానికి పనికొస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఊరి బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పద్యం అంటే రాజులూ యుద్ధాలూ, అప్పచెప్పకపోతే గోడకుర్చీ. నా కుండని పద్యంలో పెట్టిన మనిషి ఎక్కడివాడో, ఎలా ఉంటాడో, ఆ పూటంతా అదే ఆలోచన. పప్పు మాడిపోయింది. మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఏటిది, పప్పేటి ఇలా నల్లబడిపోనాది?" అన్నాడు. "కుండ మంచిది కాదండి" అన్నాను.

ఆ మర్నాటి నుంచి నాకు పట్టుదల వచ్చింది. ఆవిడ దగ్గర ఒడియా అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. తెలుగు అక్షరానికి తలకట్టు ఉంటే, ఒడియా అక్షరానికి గొడుగు ఉంటుంది. అన్నీ గొడుగులే, కింద ఎవరున్నారో వంగి చూడాలి. ఒకటో తరగతి వాచకం తెచ్చి ఇచ్చింది. వానాకాలమంతా అదే పని. స్టేషన్లో బోర్డు, సినిమా పోస్టరు, అగ్గిపెట్టె, ఏది కనబడితే అది చదివేదాన్ని. మా ఆయన సైకిల్ తొక్కుతుంటే వెనక కూర్చుని దుకాణాల పేర్లన్నీ గట్టిగా చదువుతూ వచ్చానని, బజార్లో తలెత్తుకోలేకపోయానని ఆయన ఇప్పటికీ అంటాడు.

చలికాలానికి అచ్చు పుస్తకం కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆవిడ దగ్గరున్న ఆ కవి పుస్తకం వాళ్ల నాన్నగారు చదువుకున్నది. అట్ట ఊడిపోతే పాత చీరముక్క అంటించి కుట్టారు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక, మా వసారాలో చాప మీద ఇద్దరం కూర్చుని రోజుకో పద్యం చదివేవాళ్లం. ఆవిడ ఒకసారి, నేను ఒకసారి. ఆవిడ చదివితే పద్యం, నేను చదివితే రాళ్ల మీద బండి. అయినా నన్ను ఆపేది కాదు.

ఆవిడని "అపా" అని పిలిచేదాన్ని. ఒడియాలో అపా అంటే అక్క. మా వైపు అప్ప అన్నా అక్కే. ఒక ఒత్తు, ఒక దీర్ఘం తేడా. అది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఆ తర్వాత పద్యంలో బాట కనబడింది, ఒడియాలోనూ బాటే. మేఘం, నది, ఆశ, దుఃఖం, అన్నీ మనవే. సగం మాటలు మన ఇంట్లోవే, వేరే చీర కట్టుకుని వచ్చాయంతే అనుకున్నాను. అక్కడి నుంచి నాకు ధైర్యం ఎక్కువైంది. తెలియని మాట వస్తే అడిగేదాన్ని, తెలిసిన మాట వస్తే తల ఊపి ముందుకి వెళ్లిపోయేదాన్ని.

ఆ కవి మీద ప్రేమ అని రాయడానికి ఇప్పుడు సిగ్గులేదు. అప్పుడు ఉండేది. అంట్లు తోముతూ ఆయన పదాలు గొణుక్కునేదాన్ని. ఊరి గురించి, ఎండ గురించి, గొడ్ల కొట్టం గురించి ఆయన చెప్పాక అవి నాకు కొత్తగా కనబడేవి. పుట్టినింటి మీద బెంగ ఏడాదికి పైగా నన్ను తినేసింది, అది ఎప్పుడు తగ్గిందో కూడా గమనించలేదు. నాగావళి దాటి ఇటు వచ్చినందుకు మొదటిసారి సంతోషించాను.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది ఏరు పద్యం. వాన రావలసిన రోజుకి రాలేదు. ఏరు చాలా రోజులు చూసింది. ఆఖరికి వాన వచ్చేసరికి, ఏరు అభిమానంతో దారి మార్చుకుంది. చివర్లో వాన, ఏరు ఎటు వెళ్లిందా అని ఇసుకని అడుగుతుంది. అక్కడ నాకు కళ్లు చెమ్మగిల్లేవి. తన ఒంట్లోనే నీళ్లు లేకపోయినా, ఎక్కడో దూరంగా ఉన్న పల్లెల మీద అభిమానంతో అటు తిరిగిందంటే ఎంత గొప్ప ఏరు! మా ఆయనకి కూడా చెప్పాను.

"ఆ ఏరుకి ఎంత అభిమానమో సూడండి. దూరం పల్లెలకి నీళ్లివ్వడానికి దారి మార్చీసుకుంది."

"ఇంజినీర్లు సెయ్యాల్సిన పని ఏరే సేసీసిందన్నమాట" అన్నాడు ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఏరు దారి మార్చడానికీ, వాన దాన్ని వెతకడానికీ పొంతన కుదరలేదని నాకు అప్పుడప్పుడు అనిపించేది. అపాని అడగలేదు. అభిమానం తెలిసిన మాట కదా.

పుస్తకం సగం దాటింది. అప్పుడు మా అమ్మకి జ్వరమని కబురొస్తే ఊరెళ్లాను. మిగతాది నువ్వొచ్చాకే చదువుదాం, నేనొక్కదాన్నీ ముందుకి వెళ్లను అని అపా మాట ఇచ్చింది. మూడు వారాలు పట్టింది. తిరిగొచ్చేసరికి పక్క వాటాకి తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే గది ఖాళీ.

ఇంటావిడ చింతపండులో గింజలు తీయించుకుంటూ కూర్చుంది.

"ఎల్లిపోనాదమ్మీ. కోరాపుట్‌కి బదిలీ. ఆర్డరొచ్చిన రెండో రోజుకే సామాన్లు కట్టీసింది."

"నాకేటైనా సెప్పమన్నాదా?"

"ఏటీ సెప్పలేదు."

"చీటీ గానీ, పుస్తకం గానీ?"

"ఏటీ ఇవ్వలేదమ్మీ. నాకు మాత్రం ఒక ఊరగాయ జాడీ ఇచ్చింది."

ఆ జాడీ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఇంటావిడకి జాడీ ఇవ్వడానికి తీరిక దొరికిన మనిషికి, నాకు ఒక్క ముక్క చెప్పి వెళ్లడానికి దొరకలేదా? పుస్తకం ఆవిడదే, తీసుకెళ్లిపోతే అడిగే హక్కు నాకు లేదు. కానీ సగంలో ఆగిన పుస్తకం అది. రాయగడలో నాకు అది చదివి వినిపించేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆవిడ నన్ను మరిచిపోయిందంటే ఆ కవీ నన్ను వదిలి వెళ్లిపోయినట్టే. నాకు కావలసింది ఒక్కటే, నేను ఆవిడకి పొరుగువాటా మనిషిని మాత్రమే కాదని తెలియడం.

పది రోజులు ముడుచుకుని తిరిగాను. మా ఆయన చూసి చూసి, "ఇలా మూతి ముడుసుకుని కూకుంటే ఆవిడకి తెలుస్తాదేటి? ఉత్తరం రాయి" అన్నాడు. ఇన్లాండ్ కవరు తెచ్చి ఇచ్చాడు.

నా మొదటి ఒడియా ఉత్తరం అది. నాలుగు రోజులు పట్టింది. పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాసి, చివరికి కవరు మీదికి ఎక్కించాను. రాతలో ఎక్కడా ఫిర్యాదు కనబడకూడదని నా పంతం. నాకు నొప్పి కలిగిందని తెలిస్తే చులకనైపోతాననిపించింది. అందుకని మంచిమాటలే రాశాను. అమ్మకి జ్వరం తగ్గింది. నేను తిరిగి వచ్చాను. మీ గది ఖాళీగా ఉంది. ఇంకేం రాయాలో తోచలేదు. అప్పుడు ఆ కవి మాటే గుర్తొచ్చింది. ఆయన మాటతో ఉత్తరం ముగిస్తే అపా ఎంత సంతోషిస్తుందో అనుకుని, కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: మీ మీద నాకు చాలా అభిమానం ఉంది.

స్కూలు పేరూ, కోరాపుట్ పేరూ రాసి మా ఆయన చేతికిచ్చాను. వారం చూశాను. రెండు వారాలు చూశాను. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినబడితే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. మూడో వారం నుంచి పరిగెత్తడం మానేశాను, బెల్లు వినబడితే కావాలని పెరట్లోకి వెళ్లేదాన్ని.

నాలుగో శనివారం మధ్యాహ్నం అపా వచ్చింది. తెల్లవారుజామునే కోరాపుట్‌లో బస్సెక్కి, లక్ష్మీపూర్ ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, వాంతులు చేసుకుంటూ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. చంకలో కొట్పాడ్ నేత తువ్వాల్లో చుట్టిన మూట. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "అభిమానం ఉందని రాశావు" అంది.

"ఉంది అపా" అన్నాను. ఆవిడని చూసిన సంతోషంలో నాకు నవ్వు ఆగడం లేదు.

"చాలా ఉందని రాశావు."

"చాలా ఉంది!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాదే తప్పు" అంది.

"మీ తప్పేముంది ఇందులో? అభిమానం ఉండడం తప్పా?"

"ఉండడం నీ తప్పు కాదు. తెప్పించడం నా తప్పు. ఆ ఉత్తరం చూశాక అన్నం సహించలేదు. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. సెలవు దొరికిన మొదటి రోజు వచ్చాను."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎక్కడో ఏదో తేడా పడిందని అప్పుడు తెలిసింది. నీ భాషలో అభిమానం అంటే ఏమిటని అడిగింది. ఇష్టం, పెద్దవాళ్ల మీద ఉండే గౌరవంతో కలిసిన ఇష్టం అన్నాను. పౌరుషం అని కూడా ఉంది గానీ అది వేరు అన్నాను. ఆవిడ తలుపు పట్టుకుని నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వి నవ్వి చాప మీద కూలబడింది.

మంచినీళ్లు తాగాక చెప్పింది. ఒడియాలో అభిమానం అంటే అది కాదట. మనవాళ్లు అనుకున్నవాళ్లు మన మనసు కష్టపెడతారు. మనం నోరు తెరిచి అడగం. వాళ్లే తెలుసుకుని రావాలని చూస్తూ ఉంటాం. ఆ చూడడం పేరు అభిమానం.

"మేం దాన్ని అలక అంటాం" అన్నాను. పెళ్లిలో అలక పాన్పు ఎక్కి పెళ్లికొడుకు సైకిలో వాచీనో అడగడం గురించి చెప్పాను.

"అతనికి సైకిలిస్తే దిగిపోతాడు. దీనికి ఏమిచ్చినా దిగదు, మనిషి రావాలి" అంది.

"అయితే కోపమా?"

"కోపం ఎవరి మీదైనా వస్తుంది. ఇది పరాయివాళ్ల మీద రాదు."

ఆవిడ చీర చెంగుతో ముఖం తుడుచుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "అయితే నీకు నా మీద బాధేమీ లేదన్నమాట. నువ్వు ప్రేమగా రాసిన ఉత్తరానికి నేను ఇన్ని మలుపులు తిరుగుతూ ఏడ్చుకుంటూ వచ్చాను" అంది.

అవునంటే అయిపోయేది. అన్నం వడ్డించి, నవ్వుకుని, పంపించేసేదాన్ని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం చూసి నాకు ఒళ్లు మండింది.

"బాధ లేకపోవడమేమిటి? మూడు వారాల్లో తాళం వేసేసి వెళ్లిపోతే బాధ ఉండదా? ఇంటావిడకి జాడీ ఇచ్చారు, నాకు చీటీ ముక్క ఇవ్వలేదు. పోస్ట్‌మ్యాన్‌కి కనబడకుండా పెరట్లో దాక్కున్నాను. నేను రాయాలనుకున్నది ఒకటి, రాసింది ఒకటి. రాసిందే నిజం" అన్నాను. సగం ఒడియా, సగం తెలుగు. ఆవిడకి ఎంత అర్థమైందో గానీ మొత్తం విన్నది.

నెమ్మదిగా జవాబు చెప్పింది. చీటీ రాద్దామనే కూర్చుందట. నీకు అచ్చక్షరాలే వచ్చు, గొలుసుకట్టు చేతిరాత చదవడం రాదు. ఇంకెవరి చేతో చదివించుకుంటావు, మన మాట వాళ్ల చెవిన పడుతుంది, అది నాకు ఇష్టం లేకపోయింది అంది. అంతవరకూ నిజమే. తర్వాత తల దించుకుని ఇంకో మాట చెప్పింది.

"పుస్తకం నీకోసం ఇంటావిడ దగ్గర పెట్టి వెళ్లాలనుకున్నాను. చేతులు రాలేదు. మా నాన్నది. జాడీ అయితే ఇచ్చేశాను, పుస్తకం మాత్రం మూటలో అడుక్కి తోశాను. దొంగలా అనిపించింది. అందుకే ఆ మాట చదవగానే అంత గుచ్చుకుంది."

తువ్వాలు విప్పి పుస్తకం నా ఒళ్లో పెట్టింది. నేను మర్యాదకైనా వద్దనలేదు. రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఏరు పద్యం మళ్లీ చదివింది. ఈసారి అర్థమైంది. ఏరు ఏ పల్లెకీ నీళ్లివ్వడానికి వెళ్లలేదు. వాన ఆలస్యం చేసిందని, తనని వెతుక్కుంటూ రావాలని పక్కకి తప్పుకుంది. అందుకే వాన ఇసుకని అడుగుతోంది. అన్నాళ్లూ నేను చదివిన పద్యం ఆ కవి రాసింది కాదు. సిగ్గుపడాలి గానీ నాకు సిగ్గు వేయలేదు. ఆయన మీద ప్రేమ రెట్టింపైంది, ఎందుకంటే ఆ ఏరు చేసిన పనే నేను పెరట్లో నిలబడి చేశాను. మా ఆయన పని నుంచి వచ్చాక సంగతంతా చెబితే, "అయితే ఆ పల్లెలకి నీళ్లు రానట్టేనా?" అని నిజంగానే విచారించాడు.

ఆదివారం పొద్దున్న అపాని బస్సెక్కించడానికి వెళ్లాను. వాంతులు రాకుండా రెండు నిమ్మకాయలు చేతిలో పెట్టాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంజను స్టార్టయ్యాక, ఆ మోత మీద వినబడేలా గట్టిగా అడిగింది.

"ఇంకా ఉందా?"

ఏమిటని అడగలేదు. ఈసారి ఏ భాషలో అడిగిందో నాకు తెలుసు.

"ఉంది" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "ఉండనీ. అయితే వచ్చే నెల మళ్లీ వస్తాను" అంది.